పూచీ, వేరు, పాస్‌పోర్టు: పరారీ భయం ఎదుట జామీను హక్కు – చారిత్రక పరిశీలన

ప్రవేశిక

మధ్యప్రదేశ్‌లో ఆరేళ్ల ఎడంతో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే భారతదేశంలో జామీను చరిత్రలోని ప్రధాన వైరుధ్యం బోధపడుతుంది. 1978లో సుప్రీంకోర్టు పరిష్కరించిన మోతీరాం కేసులో దరఖాస్తుదారు ఒక తాపీమేస్త్రీ. ఆయన విడుదలకు సుప్రీంకోర్టే ఆదేశించింది. షరతులను నిర్ణయించే పనిని మాత్రం స్థానిక మేజిస్ట్రేటుకు వదిలింది. మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీకత్తు కోరారు. సోదరుడు పూచీ పడడానికి ముందుకు వస్తే, అతని నివాసమూ ఆస్తీ వేరొక జిల్లాలో ఉన్నాయన్న కారణంతో అంగీకరించలేదు. మేస్త్రీ మళ్లీ సుప్రీంకోర్టు గడప తొక్కవలసి వచ్చింది.

1984 డిసెంబరు 7న అదే రాష్ట్రంలో, విషవాయువు వేలమందిని బలిగొన్న భోపాల్‌లో, యూనియన్ కార్బైడ్ సంస్థ అధ్యక్షుడు వారెన్ ఆండర్సన్ అరెస్టయ్యారు. 25,000 రూపాయల పూచీకత్తుపై ఆనాడే విడుదలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వ విమానంలో ఢిల్లీకి చేరి, అక్కడి నుంచి స్వదేశానికి వెళ్లిపోయారు. విచారణకు మళ్లీ రాలేదు. 1992లో భోపాల్ న్యాయస్థానం ఆయనను పరారీలో ఉన్న నిందితునిగా ప్రకటించింది. 2014లో ఆయన అమెరికాలోనే మరణించారు.

పొరుగు జిల్లాలో అన్నదమ్ములున్న మేస్త్రీ పారిపోగలవాడుగా కనిపించాడు. ఈ దేశంలో ఇల్లూ వాకిలీ లేని సంస్థాధిపతి మాట మీద నిలబడేవాడుగా కనిపించాడు. ఈ రెండు అంచనాలూ ఒకే చట్టం నీడలో జరిగాయి. అందువల్ల పరారీ భయాన్ని కొలిచే సాధనం ఏది, అది ఎవరిని చూడగలుగుతుంది, ఎవరిని చూడలేకపోతుంది అన్న ప్రశ్నలు పుడతాయి. నిందితుడు పారిపోవచ్చునన్న అనుమానం జామీనును నిరాకరించడానికి దానంతట అదే చాలిన కారణం కాదనీ, ఆ మనిషిని న్యాయస్థానానికి తిరిగి రప్పించగల బంధం ఏదో వెదకవలసిన బాధ్యతను అది న్యాయమూర్తిపై మోపుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ బంధాన్ని కొలవడానికి చరిత్రలో మూడు సాధనాలు ముందుకు వచ్చాయి: మొదట మరొక మనిషి పడే పూచీ, తరువాత సమాజంలో నాటుకున్న వేరు, ఇటీవల పాస్‌పోర్టు వంటి పత్రాలూ పరికరాలూ.

ప్రతిభువు నుంచి హాజరు జామీను దాకా

పూచీ పడే మనిషిని యాజ్ఞవల్క్యస్మృతి ప్రతిభువు అంటుంది. వ్యవహారాధ్యాయం ప్రకారం ప్రాతిభావ్యం మూడు విధాలు. మనిషిని తెచ్చి చూపుతానని ఒప్పుకోవడం దర్శనానికి పూచీ. ఇతడు నమ్మదగినవాడని మాట ఇవ్వడం ప్రత్యయానికి పూచీ. ఇతడు చెల్లించకపోతే తానే చెల్లిస్తాననడం దానానికి పూచీ. ఈ విభజన వెనుక సునిశితమైన న్యాయదృష్టి ఉంది. దానానికి పూచీ పడినవాడు మరణిస్తే ఆ బాధ్యత అతని కుమారులకు సంక్రమిస్తుంది. దర్శనానికో ప్రత్యయానికో పూచీ పడినవాడు మరణిస్తే కుమారులు ఆ ఋణం తీర్చనక్కరలేదు. మనిషిని హాజరుపరుస్తాననే మాట వేరు, ధనం చెల్లిస్తాననే మాట వేరు అని స్మృతికారుడు గుర్తించాడు. మొదటిది ఇద్దరు మనుషుల నడుమ ఉన్న పరిచయం మీద నిలుస్తుంది, ఆ పరిచయం ఆస్తిలాగా వారసత్వంగా రాదు.

వ్యవహారం మొదలైనప్పుడు ఇరుపక్షాల నుంచీ సమర్థుడైన ప్రతిభువును తీసుకోవాలని కూడా యాజ్ఞవల్క్యుడు విధించాడు. ప్రతిభువు దొరకనివాని సంగతి ఏమిటన్న ప్రశ్నకు మితాక్షర కాత్యాయన వచనాన్ని చూపుతుంది: అతణ్ని కావలిలో ఉంచాలి, దినాంతాన కావలివాని వేతనాన్ని అతడే చెల్లించాలి. పూచీ దొరకనివాడు స్వేచ్ఛతోపాటు సొమ్మునూ కోల్పోయేవాడన్న మాట. పేదరికం మీద పడే ఈ రెట్టింపు భారం ఆధునిక న్యాయస్థానాలతో పుట్టింది కాదు.

ప్రతివాది కదలికలను నిలువరించే ఆసేధాన్ని నారదుడు నాలుగు విధాలుగా చెప్పాడు. స్థానం, కాలం, ప్రవాసం, కర్మ అన్నవి ఆ నాలుగు. వీటిలో ప్రవాసాసేధం ఊరు విడిచి వెళ్లకుండా ఆపేది. పరారీ భయానికి ప్రాచీన వ్యవహారశాస్త్రం ఇచ్చిన జవాబు ఇదే. ఆ జవాబుకు కూడా హద్దులున్నాయి. నది దాటుతున్నప్పుడో అడవిలో ఉన్నప్పుడో విధించిన ఆసేధాన్ని మీరినవానికి దోషం లేదు. మనిషి కదలిక అంతా పలాయనం కాదన్న ఎరుక ఈ మినహాయింపులో కనిపిస్తుంది.

విజ్ఞానేశ్వరుని మితాక్షర ఆధారంగా 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరమును రచించడంతో వ్యవహారశాస్త్రం తెలుగు పద్యంలోకి ప్రవేశించింది. అయితే ఈ సంప్రదాయాన్ని నేటి నేరవిచారణ పద్ధతితో సమానం చేయడం పొరపాటు. పైన చెప్పిన నియమాలు ప్రధానంగా ఋణాదానానికీ ఇతర వివాదాలకూ సంబంధించినవి. స్మృతులలో దండనీతి వర్ణాన్ని బట్టి మారేదన్న సంగతినీ మరువరాదు. ఇక్కడ గ్రహించవలసింది ఒక భావన మాత్రమే: హాజరుకు పూచీ అన్నది ధనానికి పూచీ కంటే భిన్నమైనది.

ఫారసీ పాలనాభాష ద్వారా వచ్చిన పదజాలంలోనూ ఇదే భేదం నిలిచింది. అరబ్బీ మూలపు జామీను ఇక్కడి కచేరీలలో పలు తెరగులుగా వాడుకలోకి వచ్చింది. మనిషిని హాజరుపరిచే పూచీ హాజరు జామీను, సొమ్ముకు పూచీ మాల్ జామీను, నడవడికకు పూచీ ఫేల్ జామీను. హాజరు, గైరుహాజరు, పరారీ అన్న మూడు మాటలూ అదే దారిన తెలుగులోకి వచ్చాయి. గైరుహాజరు అంటే రాకపోవడం, పరారీ అంటే పారిపోవడం. రెండింటికీ వేర్వేరు మాటలున్న భాషలో కూడా కోర్టు కాగితాల మీద ఆ రెండూ తరచు ఒకటైపోతాయి. ఈ కచేరీ తెలుగును అర్థం చేసుకోవలసిన అవసరమే సి.పి. బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించడానికి ప్రేరణ అయింది.

ఆంగ్ల న్యాయం, వలస స్మృతి

బెయిలు అన్న ఆంగ్లపదానికి మూలమైన ప్రాచీన ఫ్రెంచి ధాతువుకు అప్పగించడం అని అర్థం. మధ్యయుగపు ఇంగ్లండులో నిందితుణ్ని చెరసాల నుంచి తీసి, బంధుమిత్రుల చేతికి అప్పగించేవారు. 1275 నాటి వెస్ట్‌మినిస్టరు శాసనం ఏ నేరాలకు ఈ అప్పగింత ఉండాలో, వేటికి ఉండరాదో విభజించింది. 1689 నాటి హక్కుల శాసనం మితిమీరిన పూచీకత్తు కోరరాదని నిషేధించింది. జామీను ఇచ్చినట్టే ఇచ్చి, మోయలేని మొత్తంతో దాన్ని వమ్ముచేయడం అప్పటికే పాలకులకు అలవాటైన యుక్తి కాబట్టే ఆ నిషేధం అవసరమైంది. 1898లో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ రస్సెల్ మరొక మెట్టు ఎక్కి, జామీనును శిక్షగా నిరాకరించరాదనీ, విచారణకు హాజరయ్యేలా చూడడమే దాని ప్రయోజనమనీ మేజిస్ట్రేట్లకు స్పష్టం చేశారు.

భారతదేశంలో 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నేరాలను జామీను ఇవ్వదగినవీ ఇవ్వదగనివీ అని రెండుగా పట్టికకెక్కించింది. 1898 కోడ్ ఆ చట్రాన్ని స్థిరపరచింది. ఈ విభజనలో నేరం పేరు ముందుకు వచ్చింది, మనిషి వెనక్కు జరిగాడు. అయినా న్యాయస్థానాలు అసలు ప్రయోజనాన్ని పూర్తిగా విస్మరించలేదు. నాగేంద్రనాథ్ చక్రవర్తి కేసులో కలకత్తా హైకోర్టు జామీను ఉద్దేశం హాజరును సాధించడమేననీ, నిందితుడు విచారణకు వస్తాడా రాడా అన్నదే పరీక్ష అనీ చెప్పింది. 1931లో మీరట్ కుట్ర కేసు నిందితులలో ఒకరైన హచిన్‌సన్ దరఖాస్తుపై అలహాబాదు హైకోర్టు జామీను ఇవ్వడం నియమమనీ, నిరాకరణ మినహాయింపనీ ప్రకటించింది. స్వేచ్ఛగా ఉన్న నిందితుడు తన వాదాన్ని సిద్ధం చేసుకోగలడనీ, నిర్దోషిగా భావించదగినవానికి ఆ అవకాశం దక్కాలనీ పేర్కొంది. సామ్రాజ్యాన్ని కూలదోయ కుట్ర పన్నారన్న అభియోగం నడుస్తున్న వేళ ఈ మాట వెలువడడం గమనార్హం.

వలస చట్టానికి మరొక ముఖం కూడా ఉంది. 1871లో చేసిన నేరజాతుల చట్టం కొన్ని సముదాయాలను పుట్టుకతోనే అనుమానితులుగా నమోదు చేసింది. 1911 చట్టం ద్వారా మద్రాసు రాజధాని కూడా ఆ పరిధిలోకి వచ్చింది. ఉప్పూ ధాన్యమూ మోసుకొని ఊరూరా తిరిగి బతికిన ఎరుకలవారు తెలుగు నేలపై ఆ చట్టపు వేటుకు గురైనవారిలో ముఖ్యులు. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటడం నేరమైంది. నేరం మోపకముందే, విచారణ లేకుండానే, సంచారాన్ని పరారీగా చూసిన వ్యవస్థ ఇది. 1952లో ఆ చట్టం రద్దయింది. స్థిరనివాసం లేనివాడు నమ్మదగనివాడు అన్న ఊహ మాత్రం దానితోపాటు రద్దు కాలేదు. జామీను దరఖాస్తుల మీద ఆ నీడ ఇంకా పడుతూనే ఉంది.

1977–79: ప్రశ్న మారిన కాలం

అత్యవసర పరిస్థితి ముగిసిన వెంటనే వచ్చిన రెండేళ్లలో సుప్రీంకోర్టు జామీను న్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి ఆలోచించింది. 1977 సెప్టెంబరులో రాజస్థాన్‌కు చెందిన బాల్‌చంద్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ జామీనే మూలనియమమని చెప్పారు. న్యాయం నుంచి పారిపోతాడని, న్యాయానికి అడ్డుపడతాడని, సాక్షులను బెదిరిస్తాడని సూచించే పరిస్థితులను మాత్రమే మినహాయింపుగా ఉంచారు. అంటే పరారీ భయాన్ని ఆయన కొట్టిపారేయలేదు, దానికి ఆధారం కావాలన్నారు.

అదే ఏడు డిసెంబరు 6న వెలువడిన గుడికంటి నరసింహులు కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లింది. కింది న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిన నిందితులను హైకోర్టు దోషులుగా తేల్చి యావజ్జీవ శిక్ష విధించింది. వారు సుప్రీంకోర్టులో అప్పీలు చేసి జామీను కోరారు. అది అప్పీలు దశలోని దరఖాస్తే అయినా, విచారణ పూర్వ జామీనుకు కూడా ఆ తీర్పే నేటికీ దారిదీపం. స్వేచ్ఛ, న్యాయం, ప్రజాక్షేమం, ఖజానా మీద పడే భారం అన్న నాలుగింటినీ జామీను ప్రశ్నలో కలిపి తూచాలని కృష్ణయ్యర్ అన్నారు. అభియోగపు తీవ్రత, విధించదగిన శిక్ష ఎంత కఠినమైతే పారిపోవాలన్న ప్రలోభం అంత పెరగవచ్చునని ఒప్పుకొన్నారు. అయితే న్యాయమూర్తి విచక్షణ వ్యక్తిగత ఇష్టాయిష్టాలకు లోబడేది కాదనీ, జామీను నిరాకరణ రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే స్వేచ్ఛకు కలిగే భంగం కాబట్టి అది విధివిహితంగా ఉండాలనీ నిర్దేశించారు. చివరకు షరతులతో జామీను మంజూరు చేశారు. యావజ్జీవ శిక్ష నెత్తిన వేలాడుతున్నప్పుడు కూడా షరతులు పరారీ భయాన్ని అదుపు చేయగలవని న్యాయస్థానం విశ్వసించిందన్నది ఇక్కడి సారాంశం.

1978 ఆగస్టు 24 నాటి మోతీరాం తీర్పులో ఆయన రెండు పనులు చేశారు. 1973 కోడ్‌లో జామీనుకు నిర్వచనం లేదు కాబట్టి, పూచీదారులు లేకుండా నిందితుని సొంత పూచీకత్తుపై విడుదల చేయడం కూడా జామీనే అవుతుందని వ్యాఖ్యానించారు. తాపీమేస్త్రీని 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై విడవాలన్నారు. ఇక స్థానిక పూచీ పట్టింపును ఎండగడుతూ, ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో బస్తర్‌లోనో పోర్టుబ్లెయిర్‌లోనో పహల్గాంలోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుడైన పూచీదారును ఎక్కడి నుంచి తేగలడని అడిగారు. పూచీ వ్యవస్థను ఒకే దేశపు పౌరసత్వం అన్న కొలబద్దతో పరీక్షించిన ప్రశ్న అది.

1979 ఫిబ్రవరి 12న హుసేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి బీహారు జైళ్లలోని విచారణ ఖైదీల స్థితిని చూశారు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్షాకాలాన్ని మించి విచారణకు ముందే గడిపినవారు వారిలో ఉన్నారు. వారిని కట్టిపడేసింది పరారీ భయం పేరిట అడిగిన పూచీ సొమ్ము. డబ్బు పోతుందన్న భయమే మనిషిని కోర్టుకు రప్పిస్తుందన్న ఊహను భగవతి తోసిపుచ్చారు. కుటుంబబంధాలు, ఉపాధి, నివాసకాలం, పరువు, గతచరిత్ర, మాట ఇవ్వగల పెద్దమనుషులు, నేరస్వభావం వంటివి చూసి, సమాజంలో వేళ్లూనుకున్న మనిషిని సొంత పూచీకత్తుపై విడవాలన్నారు. ప్రత్యయ ప్రతిభువు శతాబ్దాల తరువాత మరొక రూపంలో తిరిగి వచ్చినట్టయింది.

వేరు ఎక్కడ ఉంది?

ఈ వేళ్ల సిద్ధాంతానికి మూలం న్యూయార్క్ నగరంలో ఉంది. 1961లో వేరా ఫౌండేషన్ మొదలుపెట్టిన మన్‌హటన్ బెయిల్ ప్రాజెక్టులో న్యాయవిద్యార్థులు నిందితులను కలిసి, నివాసం, ఉద్యోగం, బంధువుల వివరాలు అడిగి సరిచూసి, తగినవారిని డబ్బు కట్టనక్కరలేకుండా విడుదల చేయవచ్చునని న్యాయమూర్తికి సిఫారసు చేసేవారు. మూడేళ్లలో అలా విడుదలైన సుమారు మూడున్నర వేలమందిలో ఉద్దేశపూర్వకంగా రాకుండా పోయినవారు నూటికి ఇద్దరి కంటే తక్కువ. 1966లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం చేసిన జామీను సంస్కరణ చట్టానికి ఈ ప్రయోగమే బలమిచ్చింది. సొమ్ము పణంగా లేకపోయినా మనిషి తిరిగి వస్తాడని తొలిసారి అంకెలతో తేలింది.

అయినప్పటికీ వేరు అన్న ఉపమానంలో ఒక చిక్కుంది. వేరు ఒకేచోట ఉంటుంది, మనుషులు అలా ఉండరు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి దేశమంతటా ఆనకట్టల, కాలువల పనులకు వెళ్లిన పాలమూరు కూలీలను ఈ కొలమానంతో కొలిస్తే ఏమవుతుంది? పని ఉన్నచోట వారికి అద్దె ఇల్లు కూడా ఉండదు, గుడారమే ఉంటుంది. మేస్త్రీ తప్ప పరిచయస్థుడుండడు. నివాసకాలం నెలల్లో లెక్క. అరెస్టు జరిగిన ఊళ్లో వెదికితే అతనికి వేళ్లు లేవు. సొంత ఊళ్లో వెదికితే ముసలి తల్లిదండ్రులు, రేషన్ కార్డు, రెండెకరాల మెట్ట, తీర్చవలసిన అప్పు, ఏటా జరిగే జాతర, అన్నీ ఉన్నాయి. పైగా వలస జీవితంలోనే తిరిగి రావడమనే క్రమశిక్షణ ఉంది. ఏటేటా వెళ్లి ఏటేటా తిరిగి వచ్చే మనిషి, ఎన్నడూ ఊరు కదలనివాని కంటే తన తిరుగురాకకు బలమైన సాక్ష్యం చూపగలడు. వేరును వెదకవలసింది నిందితుని జీవితమంతటా. అరెస్టు జరిగిన పోలీస్‌స్టేషన్ పరిధిలో మాత్రమే వెదికినప్పుడు వలస మనిషి ఖాళీగా కనిపిస్తాడు.

కృష్ణయ్యర్ అడిగిన ప్రశ్న తెలుగు నేలపై తలకిందులుగా ఎదురైన సందర్భం ఒకటుంది. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురైన కేసులో తమిళనాడు నుంచి వచ్చిన వందలాది కూలీలు నిందితులయ్యారు. వారిలో ఎందరో రెండేళ్లకు పైగా ఆంధ్రప్రదేశ్ జైళ్లలో గడిపారు. 2016లో తిరుపతి న్యాయస్థానం వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. విధినిర్వహణలో ప్రాణాలు కోల్పోయిన అధికారుల కుటుంబాలకు దోషులెవరో తేలలేదు, కూలీల కుటుంబాలకు గడచిన కాలం తిరిగి రాలేదు. విచారణకు ముందు నిర్బంధం దర్యాప్తు లోపాన్ని పూరించలేదనడానికి ఇంతకు మించిన తార్కాణం అక్కరలేదు.

ఆండర్సన్ నేర్పే పాఠం

జామీను ఉదారతకు వ్యతిరేకంగా వినిపించే అతి బలమైన వాదం భోపాల్ నుంచే వస్తుంది. ఆండర్సన్‌ను ఆనాడు విడవకపోయి ఉంటే బాధితులకు ఆయన జవాబు చెప్పేవాడు కదా అన్న ఆక్రోశానికి సమాధానం చెప్పకుండా ఈ చర్చ ముందుకు సాగదు. నిందితుడు పరారైతే నష్టపోయేది మొదట బాధితులు. సాక్షులు వృద్ధులవుతారు, జ్ఞాపకాలు మసకబారుతాయి, కేసు రెండు తరాలకు సాగుతుంది. ఈ నష్టం ఊహామాత్రం కాదు.

అయితే ఆ విడుదలలో నిజంగా లోపించిందేమిటో చూడాలి. పిలిచినప్పుడు వస్తానన్న మాట రాసి ఇవ్వడం తప్ప ఆండర్సన్‌ను ఈ నేలకు కట్టి ఉంచిన షరతు ఏదీ అమలు కాలేదు. దేశం విడిచి వెళ్లకుండా ఆపకపోగా, విమానం సమకూర్చారు. అప్పగింత కోరుతూ భారత ప్రభుత్వం అమెరికాకు అధికారికంగా అభ్యర్థన పంపింది 2003లో, విడుదలైన 18 ఏళ్ల తరువాత. 2004లో అమెరికా దాన్ని తిరస్కరించింది. ఆ మనిషి బంధాలన్నీ దేశం వెలుపల ఉన్నాయనీ, వెళ్లిపోవడానికి సాధనాలు చేతిలో ఉన్నాయనీ ఎవరికైనా తెలుసు. పరారీ భయాన్ని వ్యక్తిగతంగా అంచనా కట్టి ఉంటే కఠినమైన షరతులు తప్పనిసరి అయ్యేవి. ఆండర్సన్ ఉదంతం హోదాను చూసి అంచనా మానేయడం ఎంత ప్రమాదమో చెబుతుంది. మోతీరాం ఉదంతం పేదరికాన్ని చూసి అంచనా మానేయడం ఎంత అన్యాయమో చెబుతుంది. రెండింటిలోనూ మనిషిని చూడకుండా అతని అంతస్తును చూశారు.

ఇటీవలి కాలపు పరారీల విషయంలో కూడా ఇటువంటి జాగ్రత్త అవసరం. విజయ్ మాల్యా 2016 మార్చిలో, నీరవ్ మోదీ 2018 ఆరంభంలో దేశం విడిచినప్పుడు వారెవరూ జామీనుపై విడుదలైన నిందితులు కారు. అరెస్టు కాకముందే వెళ్లిపోయారు. 2018లో పరారీ ఆర్థిక నేరస్థుల చట్టం వచ్చింది ఆ నేపథ్యంలోనే. ఇలా వెళ్లిపోయినవారిని చూపి, ఇక్కడే నిలబడి విచారణకు సిద్ధమైనవారికి జామీను వద్దనడం తర్కవిరుద్ధం. 2019 అక్టోబరు 22న పి. చిదంబరం కేసులో ఈ వాదమే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆర్థిక నేరస్థుల పరారీని జాతీయ ధోరణిగా పరిగణించాలని దర్యాప్తు సంస్థ వాదించింది. ఇతరుల ప్రవర్తనను బట్టి ఎదుట ఉన్న మనిషికి జామీను నిరాకరించడం కుదరదని న్యాయస్థానం తోసిపుచ్చి, ఆయనకు జామీను ఇచ్చింది. ఒకరి పరారీకి మరొకరు పూచీ కాదన్న ఈ సూత్రం ప్రముఖునికి ఎంత వర్తిస్తుందో అనామకునికీ అంతే వర్తించాలి.

దేశాంతరి, పత్రం, పరికరం

పరారీ భయం గరిష్ఠంగా ఉండేది విదేశీయుని విషయంలో. 1994లో మాదకద్రవ్యాల కేసుల విచారణ ఖైదీల గురించి సుప్రీంకోర్టు లీగల్ ఎయిడ్ కమిటీ దాఖలు చేసిన వ్యాజ్యంలో న్యాయస్థానం విదేశీయులను జామీనుకు అనర్హులని అనలేదు. పాస్‌పోర్టును స్వాధీనపరచుకోవడంతోపాటు, నిందితుడు దేశం విడిచి వెళ్లడనీ పిలిచినప్పుడు హాజరవుతాడనీ వారి రాయబార కార్యాలయం హామీపత్రం ఇవ్వాలన్నది. పూర్వం ఊరి పెద్ద పడిన ప్రత్యయ పూచీని ఇప్పుడు ఒక రాజ్యం పడాలన్నమాట.

మూడు దశాబ్దాల తరువాత, 2024 జూలై 8న, నైజీరియా దేశస్థుడైన ఫ్రాంక్ వైటస్ కేసులో జస్టిస్ ఎ.ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం ఈ షరతును పునఃపరిశీలించింది. రాయబార కార్యాలయం హామీపత్రం ఇవ్వడం ఇవ్వకపోవడం నిందితుని చేతిలో లేని విషయం, కాబట్టి అది రాలేదన్న కారణంతో జామీనును ఆపరాదని తేల్చింది. నిందితుడు తన ఫోనులోని గూగుల్ పటంపై ఎప్పటికప్పుడు తన ఉనికిని దర్యాప్తు అధికారికి కనిపించేలా ఉంచాలన్న షరతును కొట్టివేసింది. అనుక్షణం వెన్నాడే నిఘా, విడుదలైనవాణ్ని మరొక రూపంలో నిర్బంధించడమే అవుతుందని భావించింది. షరతుకు కూడా హద్దు ఉండాలన్న ఈ ఎరుక, ఏరు దాటేవానిని ఆసేధం నుంచి మినహాయించిన నారదుని ఎరుకకు దూరపు చుట్టం.

విదేశీయుని పరారీ భయాన్నే పాస్‌పోర్టు అప్పగింతతో, నియమిత హాజరుతో అదుపు చేయవచ్చునని న్యాయస్థానం ఒప్పుకొన్నప్పుడు, దేశంలోనే మరొక జిల్లా నుంచి వచ్చిన కూలీ విషయంలో స్థానిక పూచీ కోసం పట్టుబట్టడానికి ఆధారం మిగలదు. ఆ పట్టింపు మాత్రం మిగిలే ఉంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు జామీను వచ్చినా విడుదల కానివారి గురించి ఆదేశాలిస్తూ, స్థానిక పూచీ పట్టింపు విడుదల ఆలస్యానికి ఒక కారణమని గుర్తించి, అటువంటి కేసుల్లో ఆ షరతు విధించవద్దని సూచించవలసి వచ్చింది. నెలలోగా పూచీకత్తు సమర్పించలేకపోతే షరతులను సడలించే విషయాన్ని న్యాయస్థానాలు తమంత తామే పరిశీలించవచ్చునని కూడా చెప్పింది. మోతీరాం తీర్పు వచ్చిన 44 ఏళ్లకు అదే మాట మళ్లీ చెప్పవలసి రావడం తీర్పుకూ కచేరీకీ నడుమ ఉన్న దూరాన్ని తెలుపుతుంది.

శాసనాలు కూడా మెల్లగా ఈ దారికే వచ్చాయి. 2005 సవరణ ప్రకారం జామీను ఇవ్వదగిన నేరంలో అరెస్టయిన వారంలోగా పూచీ తేలేనివాణ్ని నిరుపేదగా భావించి సొంత పూచీకత్తుపై విడవాలి. అదే సవరణ, జామీనుపై విడుదలై తగిన కారణం లేకుండా హాజరు కాకపోవడాన్ని ప్రత్యేక నేరంగా చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత జామీనును తొలిసారి నిర్వచించింది. పూచీదారుతో కూడిన కత్తునూ సొంత కత్తునూ వేర్వేరుగా పేర్కొని, మోతీరాం వ్యాఖ్యానానికి శాసనరూపం ఇచ్చింది. ప్రకటిత నేరస్థుడు విచారణను తప్పించుకోవడానికి పారిపోతే అతని పరోక్షంలోనే విచారణ జరిపే వీలూ కల్పించింది. పరారీ అయినవానికి దండన, పరారీ వల్ల విచారణ ఆగిపోకుండా మార్గం రెండూ ఏర్పడిన తరువాత, పారిపోవచ్చునన్న ఊహతో ముందుగానే బంధించడానికి ఇదివరకటి కంటే బలమైన కారణం చూపవలసి ఉంటుంది.

ముగింపు

2022 చివరినాటికి భారతదేశపు జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే 75.8 శాతం, విచారణ ఖైదీలు. వీరిలో జామీను దక్కకూడనివారు లేరని చరిత్ర చెప్పదు. గతంలో జామీనుపై వెళ్లి పరారైనవాడు, మారుపేర్లతో తిరిగినవాడు, దొంగ పత్రాలతో దేశం దాటబోయినవాడు, వీరి విషయంలో నిరాకరణకు ఆధారం కళ్లెదుట ఉంటుంది. చరిత్ర కోరేది అటువంటి ఆధారాన్నే. నేరం పేరు, ఊరి పేరు, ఆస్తి లేమి, ఇతరుల పరారీ ఆ ఆధారానికి ప్రత్యామ్నాయాలు కాలేవు.

ఈ పరిశీలన నుంచి ఒక వరుసక్రమం తేలుతుంది. పరారీ భయం ఉందని చెప్పేవారు ఈ మనిషి విషయంలో దాన్ని చూపాలి. చూపినప్పుడు అతని జీవితంలోని బంధాలను, అవి ఏ జిల్లాలో ఉన్నా, లెక్కలోకి తీసుకోవాలి. అవి చాలకపోతే ఆ భయానికి తగిన షరతును, అతడు తీర్చగల షరతును, ఎంచుకోవాలి. ఏ షరతూ సరిపోదని తేలిన తరువాతే నిర్బంధం. గతంలో రాకపోయిన సందర్భం ఉంటే అది గైరుహాజరో పరారీయో విడదీసి చూడాలి. వాయిదా తేదీ తెలియక, కూలి పోతుందన్న భయంతో, జబ్బుపడి రాలేనివాడు పారిపోయినవాడు కాడు.

దర్శన పూచీని ధన పూచీ నుంచి వేరుచేసిన యాజ్ఞవల్క్యునికీ, హాజరు జామీనును మాల్ జామీను నుంచి వేరుచేసిన కచేరీ పదజాలానికీ తెలిసిన భేదమే 1978లో ఒక తాపీమేస్త్రీ విషయంలో మరపుకు వచ్చింది. మేస్త్రీ సోదరుడు కోర్టుకు తెచ్చింది తన తమ్ముడో అన్నో తిరిగి వస్తాడన్న మాట. మేజిస్ట్రేటు అడిగింది తన జిల్లాలోని ఆస్తి. మొదటిది హాజరుకు పూచీ, రెండవది ధనానికి పూచీ. జామీను అన్న మాటకు మొదటి అర్థమే అసలు అర్థమని గుర్తించినంతకాలం పరారీ భయం చెరసాల తాళానికి దానంతట అదే చెవి కాజాలదు.